ఒక్కపొద్దు గోలి

మా పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసేటప్పటికి నేను మొయినాబాద్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "ఆయాసమా?" అని అడిగాను. "కాదన్నా, నిద్రల్నే. పండుకొనే పోయింది" అన్నాడు. నవ్వు రాకూడని చోట నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నడుం వాల్చి నిద్రపోవడానికి మా పెద్దమ్మ ఎంత తంటాలు పడిందో తెలిసినవాళ్లకే ఆ మాట విలువ తెలుస్తుంది.

చేవెళ్ళ దగ్గర వాళ్లది బంతితోట. పూలు కోస్తే తుమ్ములు, తెల్లవారుజామున పిల్లికూతలు, ఆపైన గోడకానుకుని కునికిపాట్లు. "నా ముక్కుల బంతిపూలు కిరాయికున్నయ్ రా, ఖాళీ చేస్తలేవు" అనేది.

ఆమెను చూసిన డాక్టరు కోస్తావాడు. మంచివాడు, మా మాట నేర్చుకోవాలని మహా ఉబలాటం. మా దగ్గర పూటను పొద్దు అంటారని ఎవరు చెప్పారో ఏమో! పీల్చే పంపు వాడకం చూపించి, గోలీలు చేతిలో పెట్టి, "అవ్వా, ఇది ఒక్కపొద్దు వేసుకుంటే చాలు, సాయంత్రం" అన్నాడట. మా పెద్దమ్మకు ఒక్కపొద్దు అంటే శనివారం వెంకన్నకు ఉండే ఉపవాసం. తన భక్తి డాక్టరు దాకా పాకిందని మురిసిపోతూ ఇంటికొచ్చింది.

అప్పటినుంచి పంపు రోజూ వాడేది గానీ గోలి మాత్రం శనివారం సాయంత్రమే. ఆ ఒక్క రాత్రి హాయిగా పడుకునేది, మిగతా రాత్రులు మళ్లీ గోడే గతి. ఇదంతా వెంకన్న మహిమ అని వాడకట్టులో ఇంటింటికీ చాటింది. మళ్లీ దవాఖానకు నేనే వెంట వెళ్లాను.

"సారూ, వారమంత శనివారమే అయ్యేటట్టు ఏదన్న మందుంటే ఇయ్యి" అన్నది.

సంగతి అర్థమయ్యేసరికి డాక్టరు తల పట్టుకున్నాడు. "రోజూ వేసుకోవాలమ్మా, రోజూ!"

"దినాం ఉపాసముంటే సస్త గద సారూ!"

ఆ ముడి విప్పి ఇంటికొస్తే ఆమె పెనిమిటి, మా పెద్దబాపు, ఇంకొకటి వేశాడు. "సాయంత్రమేంది? తోటకు మందు పొద్దుగాల్నే కొడ్తం గద, మనిషికైనా గంతే" అని తీర్పు చెప్పాడు. మర్నాడు ఆమె పొద్దున్నే గోలి మింగి తోటకు పోయి, సాళ్ల మధ్యనే గుర్రు పెట్టింది. కూలీలు ఎండ తగలకుండా తువ్వాల కప్పి, ఆమె పడుకున్న సాలు వదిలేసి మిగతా పూలు కోసుకున్నారు.

ఈసారి డాక్టరు నింపాదిగా చెప్పాడు. ఆ గోలి మత్తు తెస్తుంది, ఆమె ఆయాసం తెల్లవారుజామున వస్తుంది, కాబట్టి ఆమెకు సాయంత్రమే మేలు. దాన్ని పెద్దమ్మ తన భాషలోకి దించుకుంది: "ఆయాసం సుట్టమసొంటిది. తెల్లారంగ దిగుతది. అది అచ్చెటాల్లకు వంట అయ్యుండాలె."

ఆ తర్వాత గోలి ఒక్కరోజూ తప్పలేదు. ఎదురుగా ఫాంహౌస్ వాచ్‌మన్ గేటు లైట్లు వేయగానే గోలి మింగి, గడపలోకొచ్చి కేకేసేది: "గోలీలేసుకున్నరా?" మాది పొద్దుగాలది పెద్దమ్మా అని పక్కింటివాళ్లు మొత్తుకున్నా సరే, కేక కేకే. ఆ తుమ్ముల ముక్కే నాకూ వచ్చింది, ఆ గోలే నాకూ రాశారు గనుక నాకు ఫోన్ చేసి మరీ అడిగేది. విసుక్కునేవాణ్ని గానీ, ఆమె అడగడం నాకెంతో ఇష్టం.

పెద్దబాపు బీపీ గోలి కూడా సాయంత్రానిదే. మంచంలోంచి లేవకుండానే "ఏసుకున్న" అనేవాడు.

"నువ్వేసుకున్నవా, నీ అంగీ జేబు ఏసుకున్నదా?" అనేది పెద్దమ్మ. ఎప్పుడూ జేబే వేసుకునేది.

అంతా ముగించి వచ్చిన సాయంత్రం వాకిట్లో అందరం కూర్చున్నాం. ఫాంహౌస్ లైట్లు వెలిగాయి. పక్కింటివాళ్లు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

పెద్దబాపు మెల్లగా మంచం దిగాడు. జేబులోంచి గోలి తీసి నోట్లో వేసుకుని, చెంబెత్తి నీళ్లు తాగాడు. గడప వైపు తిరిగి, "ఏసుకున్ననే" అన్నాడు.