ఇద్దరికి ఒకే నంబరు

మొన్న మోకాలి నొప్పికని తెనాలిలో ఆసుపత్రికి వెళితే, చీటీ రాసే అమ్మాయి నా ఫోను నంబరు అడిగి కొట్టిందో లేదో, నిరుడు బాపట్లలో తీయించుకున్న ఎక్స్‌రేతో సహా నా వివరాలన్నీ తెర మీదికి వచ్చేశాయి. పక్కన కూర్చున్నవాళ్ళకు అది వింతేమీ కాదు గాని, నేను మాత్రం తెర మీది నా నంబరును రెండుసార్లు చదువుకున్నాను.

తొంభైల మొదట్లో తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో శాఖలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి నేను కంప్యూటరు పని చూసేవాణ్ణి. ఆరునెలల కోర్సు చేసి వచ్చిన నన్ను మా కొల్లిపరలో అందరూ ఇంజినీరుగారనేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు. కాగితం కేసుషీట్లు తీసేసి రోగుల వివరాలు కంప్యూటర్లో పెట్టాలని పెద్ద డాక్టరుగారు సంకల్పించినప్పుడు, మూడూళ్ళకీ కలిపి ఒకటే పెట్టాలా, ఏ ఊరికా ఊరు విడిగా పెట్టాలా అన్నది తేల్చవలసినవాణ్ణి నేనే. చినుకు పడితే టెలిఫోన్లు మూగబోయే రోజులవి. అందుకని ఏ ఊరి యంత్రం ఆ ఊళ్ళోనే ఉంటుందనీ, వారానికోసారి ఆ వివరాలు ఫ్లాపీ డిస్కుల్లోకి ఎక్కించి రైల్లో తెనాలికి పంపిస్తే అన్నీ ఒకచోట కలుపుతాననీ చెప్పాను. అంతవరకూ నా తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

రేపల్లెలో వివరాలు ఎక్కించేది మా పెదనాన్నగారి కోడలు, నాకు వదిన. మా అన్నయ్య మంచం పట్టాక ఆ ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది. మొదటివారమే ఆవిడ నన్నడిగింది.

"మూడూళ్ళలోనూ ఒకటో నంబరు నుంచే మొదలెట్టించావు కదా అబ్బాయ్, రేపు కలిపినప్పుడు ఒకే నంబరు మీద ముగ్గురుంటే ఎట్లా? నంబరు ముందు ఊరి పేరులో అక్షరం ఒకటి పెట్టకూడదూ?"

అవన్నీ ప్రోగ్రాం చూసుకుంటుందని నవ్వేశాను. చూసుకోదని నాకు తెలుసు. రాసిందంతా మళ్ళీ మార్చాలంటే బద్ధకం, దాన్ని మించి, టైపు కొట్టే మనిషి చెబితే నేను మార్చడమా అన్న పొగరు.

కొన్ని నెలలకు, చెరుకుపల్లి చర్చి బడిలో పాఠాలు చెప్పే ఒక టీచరమ్మ, తెనాలిలో చెల్లెలింటికి వచ్చి, జ్వరంతో తెలివి తప్పిన స్థితిలో మా ఆసుపత్రికి చేరింది. పెన్సిలిన్ పడదని ఆవిడ అంతకుముందు రేపల్లెలో చెప్పింది, వదిన ఎక్కించింది. డ్యూటీ డాక్టరు ఆవిడ పేరుతో వెతికితే పేరు సరిగానే వచ్చింది. ఆ పేరు పక్కనున్న నంబరు పట్టుకుని మందుల వివరాల్లోకి వెళ్ళిన నా ప్రోగ్రాం మాత్రం, అదే నంబరున్న బాపట్ల రోగి వివరం ముందుగా దొరికితే దాన్నే చూపించింది. పడని మందులేవీ లేవని ఉంది అందులో. ఇంజెక్షన్ ఇచ్చారు. టీచరమ్మ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

మందు పడదని చెప్పిన సంగతి కంప్యూటర్లో ఎందుకు లేదని అడగడానికి పెద్ద డాక్టరుగారు వదిననూ నన్నూ పిలిపించారు. వదిన ఏడవలేదు, గొంతు పెంచలేదు.

"నేను ఎక్కించానండి. మా ఫ్లాపీలో ఉంటుంది, చూడమనండి."

పక్క గదిలోకి వెళ్ళి చూశాను. ఉంది. తిరిగొచ్చి, ఫ్లాపీ పాడైపోయింది, తెరుచుకోవడం లేదండి అన్నాను. వదిన నా ముఖంలోకి చూసింది, నేను నేల చూశాను. ఆ సాయంత్రమే ఆవిడ ఉద్యోగం పోయింది. మరుసటి వారం నేను నంబర్ల ముందు ఊరి అక్షరం చేర్చి ప్రోగ్రామంతా మార్చి రాస్తే, పెద్ద డాక్టరుగారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు.

ఆవిడ ఆ తర్వాత రేపల్లెలోనే మిషను కుట్టుకుంటూ పిల్లలిద్దర్నీ చదివించింది. ఎవరితోనూ నా పేరెత్తలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే, "బాగున్నారాండి, భోంచేసి వెళ్ళండి" అనేది. అబ్బాయ్ అన్న పిలుపు మళ్ళీ వినలేదు. ఇప్పుడు ఏ ఊరి వివరమైనా ఏ ఊళ్ళోనైనా క్షణంలో దొరుకుతుంది, ఇద్దరికి ఒకే నంబరు పడకుండా యంత్రాలే చూసుకుంటున్నాయట. పొరపాటు చేయడానికి నాబోటివాడికి అంత సందు మిగల్లేదు, సంతోషమే. వదిన పోయి నాలుగేళ్ళయింది. వాళ్ళమ్మ ఆనాడు అన్నీ సరిగానే ఎక్కించిందని ఆ పిల్లలకు నేనింకా చెప్పలేదు.