ఆఖరి పేజీల శ్రీరంగనాయకులు

ఏలూరు పవర్‌పేటలో అద్దెపుస్తకాల కొట్టు నడిపే శ్రీరంగనాయకులు గారికి ఒకే ఒక్క జబ్బు ఉంది. నవలలో ప్రభుత్వం గెలిస్తే ఆయన ఊరుకోరు. ఆఖరి పేజీలు బ్లేడుతో కోసేసి, గుండ్రటి అక్షరాలతో సొంత ముగింపు రాసి, మైదా జిగురుతో అంటించి, ఆ తర్వాతే అద్దెకిస్తారు.

జనం కలలకు పన్ను వేసే రాజ్యం కావచ్చు, తలుపులకు గడియలు నిషేధించిన రాజ్యం కావచ్చు, తిరగబడ్డవాడు చివరికి చేరేది కొల్లేటికే. రెండువందల పదో పేజీ దాకా మంచు కురుస్తూనే ఉంటుంది. రెండువందల పదకొండో పేజీలో వాడు దోనె ఎక్కుతాడు. వెంటపడిన రహస్య పోలీసుల మరపడవ గుర్రపుడెక్కలో ఇరుక్కుంటుంది. కొల్లేటికోట గట్టు మీద ఎవరో ఒకావిడ, "ఎండనపడి వచ్చావు, ముందు కాళ్ళు కడుక్కో నాయనా" అని కొర్రమీను పులుసుతో అన్నం పెడుతుంది. రాజధానిలో నియంత మైకు పుచ్చుకుని, "తప్పైపోయిందండీ, ఏవీ అనుకోకండి" అని దిగిపోతాడు.

ఆయన భార్య రత్నాంబ గారికి దీనిమీద రెండు అభ్యంతరాలు. ఒకటి, ఇంట్లో మైదా నిలవదు. రెండు:

"చేప వాసన ఎరగని ఇంట్లో పుట్టి ఆ పులుసు రాతలేంటండీ?"

"తినేది నేనా? పాపం, వాడు ఎక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చాడో చూడు!"

ఆ కొట్టుకి నాలుగేళ్ళుగా వస్తున్నవాడు దుర్గాసాయి. ఇంటర్‌తో చదువు ఆపేసి, ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరుగా చేరాడు. లోకంలో అతనికి నచ్చినవి రెండే: పుస్తకాలు, ఆఫీసులో కరెంటు పోవడం. ఆ చేతిరాత పేజీల సంగతి ఒకసారి అడిగాడు.

"పాత పుస్తకాలయ్యా. ఆఖరి పేజీలే ముందు పోతాయి. వేరే కాపీ చూసి రాశాను."

"మరి మంచుదేశంలో కొల్లేరేంటండీ?"

"అనువాదకుడిది కైకలూరు. సొంతూరి మీద మమకారం ఉండదూ?"

"ఇన్ని పుస్తకాలవాళ్ళదీ కైకలూరేనా అండీ?"

"చదువుకున్న ఊరు లేవయ్యా!"

కొల్లేరు సంగతి దుర్గాసాయి నమ్మలేదు గానీ, గెలుపు సంగతి నమ్మాడు. ఎదురు చెప్పినవాడు గెలుస్తాడని అన్ని పుస్తకాల్లోనూ ఉంటే ఎవరు నమ్మరు?

ఇంతలో అతని ఆఫీసులోకి ముఖం చూసి హాజరు వేసే యాప్ వచ్చింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోనుకి ముఖం చూపించాలి. ఊడ్చే సారమ్మకి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. ఆవిడ నల్లద్దాల ముఖాన్ని యాప్ ఒప్పుకోలేదు. పన్నెండు రోజులు రానట్టు లెక్కేసి అధికారి ఆవిణ్ణి పిలిపించాడు.

"మీరు డ్యూటీకి రావడం లేదమ్మా."

"రోజూ వస్తన్నానండి. ఇప్పుడు మీ ముందరే ఉన్నాను గదండి!"

"ఉన్నారో లేదో నేను చెప్పకూడదు. యాప్ చెప్పాలి."

"మీ బల్ల తుడిచింది ఎవరండి మరి?"

"అది యాప్‌లో లేదు."

సారమ్మని రేపణ్ణుంచి రావద్దన్నారు. దుర్గాసాయికి రెండువందల పదకొండో పేజీ గుర్తొచ్చింది. లేచి నిలబడి, "ఆవిడ లేకపోతే నేనూ లేనండి" అని జేబురుమాలు ముఖానికి కట్టుకుని కూర్చుని పని చేశాడు. యాప్ అతన్ని కూడా లేడంది. మూడోరోజు అతన్నీ రావద్దన్నారు. నియంత మైకు పుచ్చుకోలేదు. దోనె ఏదీ రాలేదు.

ఆ సాయంత్రం తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదువుతున్న మేనత్త కూతురు మానసకి ఫోన్ చేసి, నవ్వడానికి లైసెన్సు కావలసిన నగరం కథ చెప్పుకుంటూ ధైర్యం తెచ్చుకోబోయాడు.

"పడవేంటి బావా? నేను ఇంగ్లీషులో చదివాను. ఆఖర్న వాడే వెళ్ళి లైసెన్సు కోసం లైన్లో నిలబడతాడు. ఆ పుస్తకాల్లో ఎవడూ గెలవడు."

దుర్గాసాయి ఆ ఫోను పెట్టేసి నేరుగా పుస్తకాల కొట్టుకి వచ్చాడు.

"జనం ఏం చదవాలో, ఎందాకా చదవాలో పైనున్నవాడు తేల్చేస్తాడు. ఈ పుస్తకాలన్నీ మొత్తుకునేది ఆ అన్యాయం గురించేనా, కాదా అండీ?"

"అవునయ్యా."

"మరి మీరు చేసిందేంటి? ఆ ప్రభుత్వం మీరేనండీ!"

శ్రీరంగనాయకులు గారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. "నేనా? ప్రభుత్వమా?"

"మైదా ఖర్చు చూసి నేనెప్పుడో అనుకున్నాను," అన్నారు లోపల్నుంచి రత్నాంబ గారు.

ఆయన పైఅరలోంచి ఒక అట్టపెట్టె దింపారు. కోసిన పేజీలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటి కూడా పారెయ్యలేదు. ఏ పుస్తకానివి ఆ పుస్తకానికి దారం కట్టి, పైన పేరు రాసి ఉంచారు.

"గంగాధరరావు గారని ఒకాయన ఉండేవారు. కాలవ గట్టు మీద ఇళ్ళు పీకేస్తామంటే కోర్టుకెళ్దామని కాయితాలన్నీ సిద్ధం చేసుకున్నారు. ముందురోజు నా దగ్గర నవల పట్టుకెళ్ళారు. తెల్లారి తెచ్చిచ్చి, 'ఎలాగూ వాళ్ళే గెలుస్తారటగా నాయకులు గారూ' అన్నారు. కాయితాలు బీరువాలో పెట్టేసుకున్నారు. పద్నాలుగు ఇళ్ళు పోయాయి. నేనిచ్చిన పుస్తకమయ్యా అది. ఆ రోజే బ్లేడు కొన్నాను."

అట్టపెట్టె అతని ముందుకు తోసి, "తప్పే. ఇవి పట్టుకెళ్ళి చదువుకో. ఇంక కొయ్యను," అన్నారు.

దుర్గాసాయి అక్కడే బల్ల మీద కూర్చుని అరడజను చదివాడు. అసలు ముగింపులు చాలా బాగున్నాయి. దాంతో అతనికి ఒళ్ళు మరింత మండింది.

"సరేనండీ, ఇవే నిజం. ఇప్పుడు సారమ్మకి ఏం చెప్పమంటారు?"

"సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారుగా? కాయితం ఇలా ఇవ్వు. నేను రాస్తాను."

రాశారు. రెండు పేజీలు జరిగింది జరిగినట్టే ఉంది. మూడో పేజీకొచ్చేసరికి దుర్గాసాయి తల పట్టుకున్నాడు. 'అప్పుడు అధికారి గారు కుర్చీలోంచి లేచి, సారమ్మ గారూ, మీరు ఉన్నారండీ, నేను నా కళ్ళతో చూశాను అన్నారు. ఆవిణ్ణి పన్లోకి తీసుకుని, మెట్ల పక్కన కుర్చీ వేయించారు. దుర్గాసాయి తన సీట్లోకి తను వచ్చాడు.'

"ఇది అర్జీ అండీ! జరగనిది రాస్తారేంటి?"

"జరగాల్సింది కాకపోతే అర్జీలో ఇంకేం రాస్తారయ్యా?"

దుర్గాసాయి మూడో పేజీ ఇంకోసారి చదివాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ కొట్లో పైకి నవ్వాడు.

సోమవారం కొట్టుకి తాళం వేసి శ్రీరంగనాయకులు గారు కూడా వచ్చారు. మధ్యలో సారమ్మ నిలబడింది. కౌంటరు దగ్గర గుమాస్తా అర్జీ పుచ్చుకుని, అలవాటుగా స్టాంపు ఎత్తాడు. మొదటి లైను మీద చూపు పడింది. స్టాంపు కింద పెట్టి చదవడం మొదలెట్టాడు. ఒక పేజీ తిప్పాడు.

వెనక లైనంతా గొడవ. "ఏవండీ, స్టాంపు కొట్టడానికి ఎంతసేపండీ!"

"ఉండండి బాబూ," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా. "ఆవిణ్ణి పన్లోకి తీసుకున్నారో లేదో చూడనివ్వండి."