మా ఇంటి కోడలి వైరస్

మా బావ బతుకంతా పక్షుల వెనకే. వెనకే అంటే అచ్చంగా వెనకే. వల వేసి అడవి బాతుల్ని పట్టుకుంటాడు, గొంతులో ఒక దూది పుల్ల, వెనక ఇంకో దూది పుల్ల తిప్పుతాడు, పుల్లల్ని గొట్టాల్లో పెట్టి పక్షిని వదిలేస్తాడు. గొట్టాలు ఐస్ పెట్టెలో ల్యాబ్‌కి వెళ్తాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చే పక్షులు ఏయే జబ్బులు మోసుకొస్తున్నాయో అవి మనుషులకు అంటకముందే కనిపెట్టాలని ఈ నిఘా. గొప్ప పనే, కాదనను. కానీ "మీ బావ ఏం చేస్తాడమ్మా?" అని ఎవరైనా అడిగితే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో మీరే చెప్పండి.

అమ్మ మాత్రం "చెరువుల ఆఫీసరు" అని చెప్పేసి మాట మార్చేది. ఇంట్లో బావ చొక్కా వాసన తగిలితే చాలు, "అల్లుడుగారూ, తమరు పెరట్లోనే స్నానం కానిచ్చుకుని లోపలికి దయచేయండి" అనేది. మా అమ్మ తిట్లలో మర్యాదకు లోటుండదు. బావ పాపం నోట్లో నాలుక లేని మనిషి. "అది కాదత్తయ్యా" అని మొదలుపెడితే, అమ్మ ఆ "అది" దగ్గరే అందుకునేది.

అమ్మకి ఇద్దరం ఆడపిల్లలమే. కోడలి మీద పెత్తనం చేసే యోగం లేకపోయిందన్న బెంగ తీర్చుకోవడానికి ఒక తెల్ల బాతును పెంచి దానికి 'కోడలు' అని పేరు పెట్టింది. కోడలు నడిచేది వయ్యారంగా, ఎదురు చెప్పేది వీధి చివరిదాకా వినబడేలా. అమ్మ దాన్ని తిట్టేది, ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపించేది, ముక్కుకు ముక్కు ఆనించి ముద్దులాడేది. నన్ను ముద్దు చేసి ఎన్నాళ్లయిందో అడక్కండి, ఒళ్లు మండుతుంది.

ఒకరోజు ల్యాబ్ పెద్ద మేడం దగ్గర్నుంచి ఫోన్. బావ పంపిన గొట్టాల్లో ఒకదానిలో ఎవరూ ఎప్పుడూ చూడని కొత్త వైరస్ దొరికిందట! బావ ఫోన్ పట్టుకుని నిలబడ్డచోటే నిలబడిపోయాడు. అక్క ఏడ్చేసింది. అమ్మ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. సాయంత్రానికల్లా "మా అల్లుడు వైరస్ కనిపెట్టాడు" అన్న కబురు ఇస్త్రీ అతని నుంచి పంటి డాక్టరుగారి దాకా పాకింది. పంటి డాక్టరుగారు వెంటనే మాస్కు పెట్టుకున్నారు. అమ్మ పట్టించుకోలేదు. ఆ పూట బావకే ముందు వడ్డించి, "తినండి, చిక్కిపోయారు" అంది. బావకి పొలమారింది.

ఆ భోగం ఎన్నాళ్లో నిలవలేదు. మేడం ఆ గొట్టాలొచ్చిన చెరువులోనే బాతులకు మళ్లీ మళ్లీ పుల్లలు తిప్పించారు. ఏ బాతులోనూ ఆ వైరస్ జాడ లేదు. బావ ముఖం పీక్కుపోయింది. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ, వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలి వంక చూసి ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"చచ్చాం" అన్నాడు.

సంగతేమిటంటే, బావకో అలవాటుంది. కొత్త రకం పుల్లలు వచ్చినప్పుడల్లా ముందు మా కోడలి మీద చెయ్యి సరిచూసుకుంటాడు. అడవి పక్షిది సున్నితమైన గొంతు, చెయ్యి తప్పితే గాయమవుతుందని భయం. ఆ పుల్లను తర్వాత పారేయాలి. ఈసారి పారేయబోతుంటే అమ్మ, "ఆ పెంట నా చెత్తబుట్టలో వేశారంటే ఊరుకోను, తమ ఆఫీసులో వేసుకోండి" అని గయ్యిమంది. సరేనని బావ దాన్ని ఒక గొట్టంలో పెట్టి ఐస్ పెట్టెలో పడేశాడు. పడేసి మరిచిపోయాడు. అది చెరువు బాతుల గొట్టాలతో కలిసి దర్జాగా ల్యాబ్‌కి వెళ్లింది.

"అంటే ఆ వైరస్..." అంది అక్క.

"మన కోడలిదే" అన్నాడు బావ. "మేడానికి చెప్పాలి."

అమ్మ అంతెత్తున లేచింది. "నోరు మూసుకుని అన్నం తినండి అల్లుడుగారూ! వీధి వీధంతా చెప్పుకున్నాను. ఇప్పుడు ఇంట్లో బాతుదంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? వాళ్లొచ్చి దాని పీక నొక్కేస్తే? ఆ వైరస్ చెరువుదే. చెరువుదంటే చెరువుదే!"

"అది కాదత్తయ్యా..."

"ఏది కాదు?"

బావ చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, నేరుగా ల్యాబ్‌కి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నోట్లో నాలుక లేదనుకున్న మనిషి! నాకు లోపల్లోపల భలే అనిపించింది. పైకి మాత్రం అమ్మ పక్షమే నటించాను, ఆవిడ వండిందే తినాలి కదా.

మర్నాడు మేడం వచ్చేసరికి అమ్మ కోడల్ని బీరువాలో చీరల మధ్య దాచింది. "బాతా? ఏ బాతు?" అంటుండగానే బీరువాలోంచి కోడలు ఎదురు చెప్పింది. అత్త మాట అది ఏనాడు విన్నది గనక! మేడం నవ్వాపుకుంటూ తలుపు తీశారు. చీరల గతి నేను చెప్పను.

"దీన్ని చంపమండీ" అన్నారు మేడం. "వైరస్ దీనికేమీ హాని చేస్తున్నట్టు లేదు. వేరే గూట్లో ఉంచి కనిపెట్టి చూస్తాం. మనుషులకు అంటుతుందో లేదో మాత్రం ఇంకా తెలీదు. ఇంట్లో అందరి గొంతులూ చూడాలి." గొంతులో పుల్ల తిప్పడంలో మా బావంత చెయ్యి తిరిగినవాళ్లు లేరని చెప్పి, పుల్లలు బావకే ఇచ్చారు.

మా ఎవరి గొంతులోనూ ఏమీ లేదని తర్వాత తేలింది లెండి, కంగారుపడకండి. కానీ ఆ పూట మాకు తెలియదుగా. అక్కది, నాది అయ్యాక అమ్మ వంతు వచ్చింది. అమ్మ బావని కాల్చేసేలా చూసి, కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. పుల్ల లోపలికి వెళ్లింది. ఈ ఇంటి అల్లుడయ్యాక మొట్టమొదటిసారి, అమ్మ నోరు తెరిచి ఉండగా బావ మాట్లాడాడు.

"రోజూ దాని ముక్కుకి ముక్కు ఆనించేది మీరే అత్తయ్యా. నా పేరు పోతే పోయింది, అది మీకంటుకుంటే? మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మీరు తిట్టకపోతే నాకు అన్నం సయించదు. మిమ్మల్ని కూడా పోగొట్టుకోమంటారా?"

పుల్ల బయటికి వచ్చింది. అమ్మకి దగ్గొచ్చింది, కళ్లలో నీళ్లొచ్చాయి. పుల్ల వల్లేనని ఇప్పటికీ ఆవిడ వాదన. ఎంత తిట్టు తిడుతుందోనని మేమందరం ఆవిడ నోటివంకే చూశాం.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సరిగ్గా తగిలిందో లేదో, ఇంకోసారి చూడు నాయనా" అని మళ్లీ నోరు తెరిచింది.