రెండు పుల్లల రిమోట్

ఏ వస్తువు చేతికొచ్చినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది కింద పడితే ఏమవుతుంది? రేణిగుంటలో ఒక సరుకుల గోడౌన్‌కు ఇన్‌చార్జిని. లారీల్లోంచి దిగే పెట్టెలు నా కళ్ల ముందు రోజూ పడుతూనే ఉంటాయి. రంగురంగుల బొమ్మలున్న పెట్టెలో సరుకు ముక్కలైపోవడం, మాసిన అట్టపెట్టెలోది చెక్కుచెదరకుండా బయటికి రావడం చాలాసార్లు చూశాను. అందుకే రిమోట్ కార్లు నడపడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే నాకొక సంగతి తెలిసిపోయింది. అందరూ కారు చూసి మురిసిపోతారు గానీ, జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది చేతిలో ఉండే రిమోట్‌ని. కారు చెడిపోతే ఆ ఆదివారం పోతుంది. రిమోట్ మొరాయిస్తే కారు ఎవరి మీదికి పోతుందో చెప్పలేం.

ఈ సరదా నాకు నలభై దాటాక పట్టుకుంది. మా గోడౌన్‌లో కరెంటు పనులు చేసే ఆయన ఒకరోజు సంచిలోంచి మోకాలెత్తు కూడా లేని కారు తీసి, లారీల మధ్య సందుల్లో ఎలుకలా పరిగెత్తించాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. "ఆదివారం పొద్దున రామ్మా, మేము శానామందిమి ఉండాము" అన్నాడు. వెళ్లాను. విమానాశ్రయం రోడ్డుకు కొంచెం లోపలగా ప్లాట్లు వేసి వదిలేసిన చోటు అది. తారు రోడ్లు వేశారు, హద్దురాళ్లు పాతారు, ఇల్లొక్కటీ లేదు. కార్లకు అంతకంటే మంచి జాగా ఎక్కడ దొరుకుతుంది? ఆ గుంపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదటి వారం ఆశ్చర్యపోయారు, రెండో వారం అలవాటుపడ్డారు, మూడో వారం నన్ను దాటాలని చూశారు.

ఇంట్లో ఉండేది నేనూ నాయనా. నాకు పెళ్లి మీదికి మనసు పోలేదు, నాయన బలవంతపెట్టలేదు. ఆయన నగరిలో మరమగ్గాలు నడిపిన మనిషి. గిరాకీ పడిపోయాక మగ్గాలు అమ్మేసి తిరుపతికి నా దగ్గరికి వచ్చాడు. జీవితమంతా ఆ చప్పుడు మధ్య ఉన్నవాడికి మా వీధి నిశ్శబ్దం సయించలేదు. నేను కారు నడపడానికి వెళ్తుంటే, "నేనూ వస్తా అమ్మణ్ణీ, ఈడ కూసోని ఏం జేసేది?" అని బండి వెనక ఎక్కేవాడు.

నా మొదటి రిమోట్, నేను కొన్న కారుతో పాటే పెట్టెలో వచ్చింది. తుపాకీ ఆకారంలో ఉంటుంది. ఎడమ చేత్తో పట్టుకుని, ఎడమ చూపుడు వేలితో ట్రిగ్గర్ లాగితే కారు ముందుకు పోతుంది. పక్కనున్న చిన్న చక్రాన్ని కుడిచేత్తో తిప్పితే కారు తిరుగుతుంది. కార్లవాళ్లలో నూటికి తొంభై మంది అవే వాడతారు. నాది మరీ తేలికరకం. ఒకసారి చేయి జారితే చక్రం వదులైంది, ఇంకోసారి జారితే మూత ఊడి బ్యాటరీలు దొర్లిపోయాయి. జిగురు టేపు చుట్టి లాక్కొచ్చాను.

ఒక ఆదివారం పొడుగాటి రోడ్డు మీద పూర్తి వేగంతో వదిలాను. సగం దూరం పోయాక రిమోట్ దీపం ఆరిపోయింది. కారు ఆగలేదు. చివరిసారి విన్న మాటే పట్టుకున్నట్టు అదే వేగంతో తిన్నగా దూసుకుపోయింది. రోడ్డు చివర గొర్రెల మంద ఉంది. కారు మంద మధ్యలోకి దూరింది. గొర్రెలు నాలుగు దిక్కులా పారిపోయాయి. కొన్ని కంపచెట్లలోకి, కొన్ని కాలవలోకి, రెండు మూడు మా వాళ్ల కార్లను తొక్కుకుంటూ.

గొర్రెలు కాసే ఆమె కట్టె ఎత్తుకుని నా మీదికి వచ్చింది. "ఏమ్మే, నీ బండికి కండ్లు లేవా? సూలు గొర్రెలుండాయి ఇందులో! ఏందన్నా అయితే నువ్వొచ్చి తల్లివవుతావా వాటికి?"

నేను నోరు తెరిచేలోపే నాయన పంచె ఎగ్గట్టాడు. "తిట్టుకో తల్లీ, నీదే న్యాయము. ముందు గొర్రెల్ని పట్టుకుందాం రా, తర్వాత ఇద్దరమూ కలిసి తిడదాం దీన్ని" అని కంపచెట్ల వైపు పరిగెత్తాడు. మా గుంపంతా వెనకాలే పోయింది. ఎండ నెత్తికెక్కేదాకా గొర్రెలు పట్టాము. ఒక్కటి కూడా కుంటలేదు, అది మా అదృష్టం. ఆమె లెక్క చూసుకుని, శాంతించి, నాయన ఇచ్చిన ఆకూవక్కా నోట్లో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజే తీర్మానించుకున్నాను. రిమోట్ మాట అందకపోతే కారు దానంతటదే ఆగిపోవాలి. దాన్ని మావాళ్లు ఫెయిల్‌సేఫ్ అంటారు. అది లేని రిమోట్ ఉచితంగా ఇచ్చినా ముట్టను.

ఇంటికొచ్చి కాఫీ పెడుతున్నాను. నాయన ముందు గదిలో ఆ పాత రిమోట్‌ని చేతిలోకి తీసుకున్నాడు. నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. ఎడమ చేత్తో పిడి పట్టుకున్నాడు. ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోలేదు. ఆయన ఎడమ చూపుడు వేలికి పై రెండు కణుపులు లేవు. నేను పుట్టకముందే, మగ్గం మీద దారం మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడె తగిలి పోయాయి. నడిమివేలితో లాగి చూశాడు. చక్రం తిప్పబోతే పిడి జారిపోతోంది. ఇంకోసారి ప్రయత్నించి, మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"నడపాలని ఉండాదా నాయనా?" అన్నాను గ్లాసు ఇస్తూ.

"ఇది నా చేతికి చేసింది కాదులేమ్మా."

"నీ చేతికి చేసింది యాడన్నా ఉంటాది. చెన్నైలో వీటి అంగళ్లు ఉండాయంట, ఎతుకుదాం."

ఆయన కాఫీ ఊదుకుంటూ తాగాడు. కానీ సాయంత్రం, "చెన్నైకి రైలు ఎన్ని గంటలకు?" అని ఆయనే అడిగాడు.

పోయేముందు అన్నను సలహా అడిగాను. తుపాకీ రకం కాకుండా విమానాలు ఎగరేసేవాళ్లు వాడే పెట్టె రకం ఉంది కదా, రెండు బొటనవేళ్లతో రెండు పుల్లలు కదిపేది, అది కార్లకు పనికొస్తుందా అన్నాను. అన్న నవ్వాడు. "పనికొస్తాది. కానీ ఇప్పుడు ఎవురు వాడతా ఉండారమ్మా? అది పాతకాలం యవ్వారం. నలుగురిలో నగుబాటవుతుంది."

"నగితే నగనీ అన్నా. పళ్లు కనపడతాయి, అంతే కదా."

ఒక సెలవురోజు కారు సంచిలో పెట్టుకుని నాయనతో రేణిగుంటలో రైలెక్కాను. చెన్నైలో అన్న చెప్పిన దుకాణం చిన్నది, మెట్లెక్కి పైకి పోవాలి. దుకాణాయన తెలుగు తమిళం కలిపి మాట్లాడాడు. నాయన తమిళంలోకి దిగేసరికి ఆయన ముఖం విప్పారింది. నగరివాళ్లకు అదొక సౌకర్యం, సరిహద్దుకు ఇటూ అటూ సొంత ఇల్లే.

ఆయన మొదట గాజుపెట్టెలోంచి ఒకటి తీశాడు. ఫోనులాంటి తెర, మెరిసే అంచులు. బాగానే ఉంది. నేను అడిగినవి వేరు. దీంట్లో బ్యాటరీ పోతే మా ఊళ్లో దొరుకుతుందా? రిమోట్ మాట అందుకోడానికి కారులో పెట్టే రిసీవర్ విడిగా కొనాలంటే ఎంత? బ్యాటరీ ఈ కంపెనీదే కావాలట. రిసీవర్ ధర వింటే రిమోట్ ధరే నయమనిపించింది. రిమోట్ ఒకసారి కొంటాం, ప్రతి కారుకూ ఒక రిసీవర్ కావాలి, డబ్బు లాగేది అక్కడే. పక్కన పెట్టాను. రెండోది చవక. మా కారును అట్టపెట్టె మీద ఎత్తి పెట్టించి, చక్రాలు గాలిలో తిరుగుతుండగా రిమోట్ ఆపేయమన్నాను. ఆపేశాడు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

"గొర్రెలు" అన్నాడు నాయన.

దుకాణాయనకు అర్థం కాలేదు. నేను అదీ పక్కన పెట్టాను.

"పుల్లలది చూపించండి" అన్నాను. కింది అరలోంచి దుమ్ము తుడుస్తూ ఒక నల్ల పెట్టె తీశాడు. తెర చిన్నది, రంగు లేదు. మామూలు పెన్సిల్ బ్యాటరీలు, మా వీధి చివర చిల్లర కొట్లో దొరికేవి. రిసీవర్లు చవక. రెండు మూడు కార్లను గుర్తుపెట్టుకుంటుంది. అన్నీ సరే, ఎడమ పుల్లను పైకి తోస్తే అక్కడే నిలిచిపోయింది. విమానానికి అలాగే ఉండాలి, కారుకు అలా కుదరదు. వేలు తీస్తే పుల్ల మధ్యకు వచ్చేయాలి, కారు ఆగాలి.

"దాందేముంది మేడమ్, లోపల స్ప్రింగ్ మార్చి ఇస్తాను" అని ఆయన వెనక మూత విప్పాడు. నాకు కావాల్సింది అదే. తొంగి చూశాను. తీగలు ఒత్తుగా, అతుకులు శుభ్రంగా ఉన్నాయి. పుల్లల అడుగున ఇనుప బేరింగులున్నాయి. కంటికి కనపడని చోట కక్కుర్తి పడలేదు. స్ప్రింగ్ వేసి మూత బిగించి, ఫెయిల్‌సేఫ్ సరిచేసి ఇచ్చాడు. కారును మళ్లీ ఎత్తి పెట్టాం. చక్రాలు జోరుగా తిరిగాయి. రిమోట్ ఆపగానే ఠక్కున నిలిచిపోయాయి.

నాయన చేతికిచ్చాను. రెండు అరచేతుల్లో పెట్టుకుని, రెండు బొటనవేళ్లూ పుల్లల మీద ఆనించాడు. చూపుడువేలితో దీనికి పనే లేదు. ఎడమ పుల్లను వెంట్రుకవాసి తోశాడు. చక్రాలు నెమ్మదిగా కదిలాయి. ఇంకొంచెం. ఇంకొంచెం. కుడి పుల్లతో ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పాడు. తలెత్తలేదు. కస్టమర్లు ఎవరో వచ్చి నిలబడినా చూడలేదు.

"దీన్ని కింద పడేసి చూడొచ్చా?" అని దుకాణాయనను అడిగాను.

ఆయన కౌంటర్ మీదికి వంగాడు. "అయ్యో! డబ్బు కట్టినాక అది మీది మేడమ్, ఏమైనా చేసుకోండి."

కట్టాను. ఖర్చు నేననుకున్నదానికి లోపలే తేలింది. నాయన చేతిలోంచి రిమోట్ తీసుకుని, నడుమెత్తు నుంచి ఆ గచ్చు నేల మీద వదిలేశాను.

దుకాణాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నాయన, "అమ్మణ్ణీ! పిచ్చి గానీ పట్టిందా నీకు?" అని అరిచాడు.

"పగిలేదుంటే ఈయన ముందరే పగలనీ నాయనా. రేపు మనూళ్లో పగిలితే ఎవుర్ని అడిగేది?"

తీసి చూశాను. ఒక మూల గీత పడింది, అంతే. మీట నొక్కితే దీపం వెలిగింది, చక్రాలు తిరిగాయి. దుకాణాయన లోపలికి పోయి మా ఇద్దరికీ టీ తెప్పించాడు.

నాయనకు అది చేతికి పట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మొదట్లో కారు ఎదురుగా వస్తుంటే కుడి ఎడమలు తారుమారయ్యేవి, హద్దురాళ్లకు గుద్దేవాడు. గుద్దిన ప్రతిసారీ రాయిని తిట్టేవాడు. నేను నేర్పబోతే, "నువ్వు నోరు మూసుకో, నా వేళ్లకు తెలుస్తాది" అనేవాడు. నిజంగానే తెలిసింది. అందరూ ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా లాగి మలుపులో జారిపోతుంటే, ఆయన కారు గీత గీసినట్టు తిరిగేది.

చలికాలంలో చిత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి కొందరు కార్లు తెచ్చారు. అందరూ కలిసి పందెం పెట్టుకున్నారు. నేను నాయన పేరిచ్చాను. చిత్తూరాయన ఒకాయన ఆ నల్ల పెట్టెను చూసి, "ఏం పెద్దాయనా, రెండు పుల్లలు పట్టుకోనొచ్చినావు, స్వెట్టర్ అల్లేదానికా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"అల్లేది ఆడోళ్ల పనప్పా. నేను నేసేటోణ్ణి. సూస్తా ఉండు" అన్నాడు నాయన.

ఆరు కార్లు బయల్దేరాయి. మొదటి మలుపులోనే రెండు ఒకదాన్నొకటి కొట్టుకుని బోర్లాపడ్డాయి. నాయన వెనకబడ్డాడు గానీ కంగారుపడలేదు. ఒక్కొక్కరే జారుతుంటే ఒక్కొక్కరినే దాటాడు. చివరి చుట్టులో ముందున్నది ఆ చిత్తూరాయన ఒక్కడే. నాయన పక్కకొచ్చాడు, దాటబోయాడు. ఆయన లోపలి దారి మూసేశాడు. కారు పొడవంత తేడాతో నాయన రెండోవాడుగా వచ్చాడు.

నేను చప్పట్లు కొడుతూ పరిగెత్తాను. నాయన ముఖం ముడుచుకుని ఉంది. "మోసం జేసినాడు. దారికి అడ్డమొచ్చినాడు" అన్నాడు.

"అది మోసం కాదు నాయనా, పందెంలో అట్నే మూస్తారు."

"అట్లనా?" ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఆ చిత్తూరాయన దగ్గరికి పోయి భుజం తట్టాడు. "అప్పా, అట్ల మూసేది ఎట్లనో నాకూ రొంత చూపిచ్చు." ఆయన నవ్వేసి, తన కారు తీసి రోడ్డు మీద పెట్టాడు. వాళ్లిద్దరూ మధ్యాహ్నం దాకా అదే మలుపులో తిరుగుతూనే ఉన్నారు. అన్నానికి నేను మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

అప్పటినుంచి మా గుంపులో ఎవరు రిమోట్ కొనాలన్నా నన్ను అడుగుతున్నారు. నా మాట వినకుండా మోజుపడి అన్న కూడా పుల్లలదే కొన్నాడు. అలవాటు కుదరక నెల తిరగకముందే మళ్లీ తుపాకీకి వచ్చేశాడు. తప్పేం లేదు. ముందు ఆగుతుందో లేదో చూడండి, తర్వాత పడేసి చూడండి, ఆ తర్వాత మీ చేతిని చూసుకోండి అని చెబుతాను. మా పెట్టెకు బ్యాటరీ మూత కొక్కెం మాత్రం విరిగింది. దానికి నాయన నగరి నూలుదారం చుట్టి ముడేశాడు, గట్టిగానే నిలిచింది.

ఒకే రిమోట్‌కు ఇద్దరం కావడంతో ప్రతి ఆదివారం గొడవే. చివరికి ఇంకో కారూ, అలాంటి రిమోటే ఇంకొకటీ తెప్పించాను. ఈసారి పడేసి చూడలేదు. నాయన పెట్టె విప్పి, రెండు పుల్లలూ కదిపి చూసి, "కొత్తది నువ్వు తీసుకో, నాకు పాతదే వాటంగా ఉండాది" అని కారు చార్జింగ్‌కు పెట్టుకున్నాడు.