చెల్లెలి రంగు

మా చెల్లెలి దినాలకు ఇంటి ముందు కట్టిన ఫ్లెక్సీని మా అమ్మ చాలాసేపు చూసింది. చూసి చూసి నన్ను అడిగింది. "ఈయమ్మ ఎవురు పాపా?"

అమ్మ కళ్ళకు పొరలు వచ్చిన మాట నిజమే. కానీ ఆ రోజు తప్పు ఆమె కళ్ళది కాదు. ఆ ఫ్లెక్సీలో ఉన్నది మీగడలాంటి ముఖం, గులాబీ పెదవులు. వెనక నీలి మబ్బులు, పైన రెండు పావురాలు. కింద మా చెల్లెలి పేరు. మా చెల్లెలు నల్లటి మనిషి. చామనచాయ అని నలుగురిలో మర్యాదగా చెప్పుకునే నలుపు కాదు, నలుపంటే నలుపే. ఆ నలుపును ఊరంతా ఎరుగుదురు. అయినా వచ్చినవాళ్ళందరూ ఆ తెల్ల ముఖానికే దండం పెట్టి, "ఎంత బాగుండాదో సూడు తల్లి" అనుకుంటూ వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మండి ఏం లాభం? నేను పనిచేసేది అనంతపురంలో ఒక ఫ్లెక్సీ షాపులోనే. డిజైనర్ని. ఆ ఫ్లెక్సీ తయారైంది కూడా మా షాపులోనే. నేను ఇంట్లో పడి ఏడుస్తుంటే, నా పక్క సీటులో కూర్చునే అతను చేసి పంపించాడు. అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. పెళ్ళికి వచ్చినా, పుట్టినరోజుకు వచ్చినా, చావుకు వచ్చినా, మా దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నవాళ్ళు మొదట అనే మాట "కొంచెం కలర్ పెంచక్కా" అనే. అడగకపోయినా పెంచేస్తాం. చెయ్యి దానంతటదే ఆ పనిలో పడిపోతుంది. ఈ ఎండలో పుట్టి, ఈ ఎండలో చెనక్కాయలు పీకి, ఈ ఎండలోనే ముసలివాళ్ళయ్యే జనమంతా కూడళ్ళలో మాత్రం మంచుకొండల నుంచి దిగివచ్చినట్టు వేలాడుతుంటారు.

"మన పాపేనమ్మా" అన్నాను.

"నా బిడ్డ ఇట్ల ఉండ్లేదు" అంది అమ్మ. నా చెయ్యి పట్టుకుంది. "ఏడాది దినానికి గోడకు పెట్టే పటం మటుకు నా బిడ్డదే ఉండాల. నువ్వు చేసేది ఈ పనే కదా. దాన్ని నాకు తెచ్చియ్యి."

అదెంత పని అనుకున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒక పూట పని. అంతే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

మా చెల్లెలు కదిరి వైపు తిరిగే బస్సులో కండక్టరు. జ్వరమని పడుకుంది, వారం తిరక్కుండానే పోయింది. అంతకు మించి దాని గురించి చెప్పడం నా వల్ల కాదు. అది బతికిన తీరు చెబుతాను. బస్సు నల్లమాడలో ఆగినా, ఏ క్రాసు దగ్గర ఆగినా, దిగి గోడల మీద రాతలకు ఫోటోలు తీసి నాకు పంపేది. నాకు అక్షరాల పిచ్చి ఉందని దానికి తెలుసు. కంప్యూటర్‌లో దొరికే అక్షరాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, చేత్తో రాసిన ఒక్క బోర్డు కనిపిస్తే నా ప్రాణం లేచివస్తుంది. అందుకని ఎరువుల కొట్ల తలుపులు, బోరు లారీల వెనక చెక్కలు, నీళ్ళ ట్యాంకులు, మూతబడిన సినిమా హాలు గోడ, ఏదీ వదిలేది కాదు. కింద దాని మాట ఒకటి ఉండేది. "అక్కా, ఈ 'ఠ' సూడు, కడుపు నిండా సంగటి తిని కూసుండాది." "ఈడ దీర్ఘం గోడ దాటి పక్కింట్లోకి పోయిండాది." "తలకట్టు పెట్టేలోపల ఈయప్పకు రంగు అయిపోయినట్లుండాది." రంగులకు కూడా అదే పేర్లు పెట్టేది. అడుగంటిన సంగటి రంగు. వానొచ్చే ముందర చేను రంగు. దాని పుణ్యాన నేను గీసిన అక్షరాలు ఈ ఊళ్ళో ఎన్నో అంగళ్ళ మీద ఉన్నాయి. ఆ ముద్దొచ్చే 'ఠ' ఒక మిఠాయి అంగడి మీద ఇప్పటికీ కూర్చుని ఉంది.

సరే, పటం మాట. ఇంట్లో ఉన్న దాని ఫోటోలన్నీ బయటికి తీశాను. మొదట చేతికి వచ్చింది దాని పెళ్ళిచూపుల ఫోటో. స్టూడియో అతను ఎంత తెల్లగా చేశాడంటే, ఆ ఫోటో చూసి వచ్చిన పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కాఫీ తెచ్చిన దీన్ని చూసి, "పోటోలో ఉండే పాప లేదామ్మా?" అని అడిగారు. "ఆ యమ్మ నిన్ననే ఊరికి పోయిందప్పా, మీరు కాఫీ తాగండి" అంది మా చెల్లెలు. వాళ్ళు తాగి వెళ్ళిపోయారు. మేమిద్దరం వంటింట్లో కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత అది ఇంకెవరి ముందూ కాఫీ పట్టుకుని నిలబడలేదు. పెళ్ళి మాట ఎత్తితే "నాకు బస్సు ఉండాది" అనేది.

మిగతా ఫోటోలూ అంతే. ఫోనులో తనను తాను తీసుకున్నవి ఫోనే తెల్లగా చేసింది. బంధువుల పెళ్ళిళ్ళలో తీసినవి స్టూడియోలు తెల్లగా చేశాయి. గుర్తింపు కార్డు మీద ముఖమే లేదు, మసి మరక. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు నా చెల్లెల్ని ముందే తుడిచేసి పెట్టారు.

తెలుపు తీసేద్దామని కూర్చున్నాను. సున్నం కొట్టిన గోడనైతే గోకితే కింద పాత రాత బయటపడుతుంది. ఫోటోలో గోకడానికి కింద ఏమీ ఉండదు. రంగు తగ్గించిన కొద్దీ ముఖం బూడిదరంగుకు తిరిగింది. గుర్తున్న రంగు కలిపి వేద్దామంటే, అయ్యో, నాకు గుర్తులేదు! రోజూ చూసిన మనిషి. దాని పక్కలో పడుకుని పెరిగినదాన్ని. చింతపిక్క రంగా? పాత బెల్లమా? పొద్దున కలిపిన రంగు మధ్యాహ్నానికి పరాయిదిగా కనిపించేది. దాన్ని రెండోసారి పోగొట్టుకుంటున్నానని భయమేసింది. షాపులో అందరి ముందే భోరున ఏడ్చాను.

అది పంపిన అక్షరాల ఫోటోలను అప్పటిదాకా తెరవలేదు. ధైర్యం చాల్లేదు. ఇక గత్యంతరం లేక తెరిచాను. ఎప్పుడో ఒకసారి నేను, "అక్షరం ఎంత పెద్దదో నాకెట్ల తెలుస్తాది మే?" అని కసిరాను. అప్పటి నుంచి అది ప్రతి అక్షరం పక్కన తన చెయ్యి పెట్టి తీసేది. అన్నేళ్ళూ నేను అక్షరాలే చూశాను. ఇప్పుడు చూస్తే ప్రతి ఫోటోలో చెయ్యి. నీళ్ళ ట్యాంకు మీది 'అ' పక్కన చెయ్యి. ఎరువుల కొట్టు తలుపు మీద చెయ్యి. మణికట్టున మట్టిగాజులు, చూపుడువేలికి టిక్కెట్ల యంత్రం నొక్కి నొక్కి కాసిన కాయ. ఎవరూ తెల్లగా చేయని చెయ్యి. తెర మీద ఆ చేతి మీద నా చెయ్యి పెట్టి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

ఆ రంగు తీసుకుని ముఖానికి వేశాను. ప్రింటు తీసి అమ్మకు చూపించాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "రంగు దాందే" అంది. "మొగమే బొమ్మ మాదిరి ఉండాది."

నిజమే. స్టూడియోవాళ్ళు రంగుతో ఆగరు కదా. ముక్కు పక్కన అమ్మవారు పోసిన మచ్చ, నవ్వితే కంటి కింద పడే మడత, అన్నీ ఇస్త్రీ చేసేశారు. చెయ్యి దొరికింది, ముఖం దొరకలేదు. ఏడాది దినం దగ్గరపడుతోంది. అమ్మ నన్ను ఏమీ అడగడం లేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ నలిపింది.

ఒకరోజు షాపులో ఎవరిదో పెళ్ళి ఆల్బం పని చేస్తూ ఉన్నాను. పెళ్ళికూతుర్ని తెల్లగా చేశాను, పెళ్ళికొడుకును తెల్లగా చేశాను, పక్కన కూర్చున్న అమ్మానాన్నలను చేశాను. పేజీ తిప్పబోతూ ఆగిపోయాను. వెనక నిలబడ్డవాళ్ళను ఎవరం ముట్టుకోం. అంత తీరికెక్కడిది? ముందు వరస వరకే మా పని. వెనకవాళ్ళు దేవుడిచ్చిన రంగులోనే ఉండిపోతారు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి నా పెళ్ళి ఆల్బం తీశాను. బత్తలపల్లిలో జరిగింది ఆ పెళ్ళి. పేజీలనిండా నేను సున్నపు ముద్దలా ఉన్నాను. నన్ను వదిలేసి వెనక వెతుక్కుంటూ పోయాను. తలంబ్రాల ఫోటోలో దొరికింది. పందిరి గుంజకు ఆనుకుని, మా మామ భుజం వెనక నుంచి తొంగిచూస్తూ, నోరంతా తెరిచి నవ్వుతోంది. ముక్కు పక్కన మచ్చ ఉంది. కంటి కింద మడత ఉంది. రంగు ఉంది. ముందున్న మేమందరం పౌడరు బొమ్మలం, అదొక్కటే మనిషి.

ఆ ముఖం వరకు పెద్దది చేసి, ఎక్కడా చెయ్యి పెట్టకుండా పటం కట్టించాను. అమ్మను వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టాను. అమ్మ వేలితో మచ్చను తడిమింది.

"ఇది నా బిడ్డ" అంది. మళ్ళీ మళ్ళీ అదే మాట అంది. ఇద్దరం ఏడ్చాం. అంత దుఃఖంలోనూ నాకు సంతోషమేసింది, మాట నిలబెట్టుకున్నాను కదా అని.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "యాడ తీసింది ఇది?" అని అడిగింది.

"నా పెండ్లిలోనమ్మా. తలంబ్రాలప్పుడు. ఎనకాల గుంజ కాడ నిలబడిండాది."

మచ్చ మీద ఉన్న అమ్మ వేలు ఆగిపోయింది. తర్వాత మెల్లగా, పటం మీంచి కళ్ళు తీయకుండానే అంది.

"నీ పక్కన నిలబడాలని ముందరికి వస్తాండె. నేనే అంటిని. పెండ్లికొడుకు తరపోళ్ళు సూస్తాండారు, పోటో నల్లగా వస్తాది, ఎనక్కి పో పాపా అని." ఊపిరి తీసుకుంది. "అంటే నవ్వింది. ఆ నవ్వే ఇది."

ఏడాది దినం నాడు పటం గోడకు పెట్టాం. వచ్చినవాళ్ళు చూసి, కొంచెం కలర్ పెంచి ఉండొచ్చు కదా అన్నారు. అమ్మ ఇప్పుడు రోజూ దాని ముందు దీపం పెడుతుంది. తల ఎత్తి మాత్రం చూడదు.