పదో సీతాకోకచిలుక కోసం నాచారం గుట్టెక్కిన ఆదివారం

మా అమ్మాయి మౌనిక టెన్త్ పరీక్షలు అయిపోయిన మరునాడే ఇంట్లో యుద్ధం మొదలైంది. నేను ఎంపీసీ అంటాను, అది బైపీసీ అంటుంది. పురుగుల మీద, సీతాకోకచిలుకల మీద చదువుతుందట! "గవి బువ్వ పెడ్తయా?" అని కసిరాను. చివరికి నేనే పందెం కాశాను. ఆదివారం పన్నెండు లోపల పది రకాల సీతాకోకచిలుకలు చూపిస్తే బైపీసీ, ఒక్కటి తగ్గినా ఎంపీసీ. ఈ ఎండల్లో పది ఎక్కడ దొరుకుతాయిలే అని నా ధీమా.

చిల్కానగర్‌లో ఏడింటికి షేర్ ఆటో ఎక్కాం, నాచారానికి మనిషికి ఐదు రూపాయలు. ఫ్యాక్టరీల వెనక గుట్ట దగ్గర ఆపమంటే డ్రైవర్ వింతగా చూశాడు. "ఆడ ఏముందన్నా? అన్నీ రాళ్లే."

"సీతాకోకచిలుకలు" అంది మౌనిక.

"గవ్విటి కోసం ఆదివారం నిద్ర ఖరాబు చేసుకున్నరా!" అన్నాడతను. అచ్చం నా మనసులో మాట.

బండి మీద ఇడ్లీ తిని కాలిబాట పట్టాం. ఎనిమిదిన్నర దాకా ఒక్కటీ లేవలేదు. రాళ్లకు ఎండ తగిలాక మొదలయ్యాయి నా తిప్పలు. ఇరవై ఏళ్లుగా కంపెనీలో మాల్ తనిఖీ చేసేవాణ్ణి, సన్నగీత పడిన సీసానైనా ఇట్టే పట్టేస్తాను. ఇక్కడ మాత్రం తలా తోకా తెలియలేదు. తంగేడు మీద మూడు పసుపుపచ్చవి కనిపిస్తే ఒకటే రకం అనుకున్నాను, మూడూ వేరట. మరోచోట రెండు రకాలనుకుంటే ఒకటేనట, రెక్కలు తెరిస్తే ఒక రంగు, మూస్తే ఒక రంగు! మౌనిక మాత్రం తడుముకోకుండా నోటుబుక్కులో రాసుకుపోతోంది.

జిల్లేడు చెట్టు దగ్గర నారింజరంగుది ఎనిమిదోది. బండ మీద తెల్లచుక్కల నల్లది తొమ్మిదోది. అప్పటికి పదకొండున్నర. ఇంకా అరగంటే ఉందని నేనే పొదలన్నీ వెతకడం మొదలుపెట్టాను. ఇదేం తిక్కో, ఓడాల్సింది అది కదా!

గుట్ట దిగితే ఆకుకూరల మడి. కూర కోస్తున్న ముసలమ్మ మమ్మల్ని పిలిచింది. "బిడ్డా, గీ ఎర్రది పొద్దుగాల నుంచి నా గంగవాయిలి కూర మీదనే తిరుగుతాంది. గుడ్లు పెడ్తాందో ఏమో, జర సూడరాదు."

జిల్లేడు దగ్గర చూసిందేలే అనుకుంటూ వంగాను. జిల్లేడుదాని వెనక రెక్కల నడుమ నల్లచుక్కలున్నాయి, దీనికి అంచులో ఒక్కటే ఉంది. "ఇది వేరే! పది! రాయి మౌనికా, పది!" అని అరిచాను.

పెన్సిల్ కదల్లేదు. "వేరేదే డాడీ. కానీ ఇది ఇందాకటి నల్లదాని ఆడది. జిల్లేడు మీద చూసినదాంట్ల విషముంటది, పిట్టలు ముట్టవు. గందుకే ఇది దాని వేషం ఏసుకుంటది. నల్లదీ ఇదీ ఒకటే రకం. తొమ్మిదే."

"ఎవలకు తెలుస్తదే? రాసెయ్యి."

"కంపెనీల నువ్వు గట్లనే రాస్తవా?"

పన్నెండైంది. మౌనిక నోటుబుక్ మూసి, "సరే, ఎంపీసీలనే చేరుత" అని చున్నీతో కళ్లు తుడుచుకుంది.

తిరుగు ఆటోలో గెలిచానో ఓడానో నాకే అంతుపట్టలేదు. గెలిచినవాడికి ఇంత సిగ్గేమిటి? తొమ్మిదిని పది చేసే తిమ్మినిబమ్మి నేను చెప్పాను, చెయ్యనంది అది. అదీ తన బతుకే పణంగా ఉన్నప్పుడు. ఆ వారమే కాలేజీ దరఖాస్తు తెచ్చి, గ్రూపు అన్నచోట బైపీసీ అని నా చేత్తో రాశాను. "నేను ఓడిన కదా డాడీ?" అని అడిగింది. సంతకం పెట్టమని పెన్ను చేతికిచ్చాను.

వెళ్లాలనుకునేవాళ్లు ఎనిమిదిన్నరకు అక్కడుండేలా చూసుకోండి, అంతకుముందు వెళ్తే రాళ్లే కనిపిస్తాయి. పిల్లలతో పందెం మాత్రం కాయకండి. ఖర్మకాలి గెలుస్తారు.