పదో అంకెకు ట్రిప్పు

మా నగరిలో ధనశేఖరన్న పది లెక్కపెట్టడం మొదలుపెడితే ఎవరికో మూడినట్టే.

ఇరవై ఆరేళ్లు ఓడల్లో ఎలక్ట్రీషియనుగా చేసి వచ్చాడాయన. నూటొక్కసారి చెప్పిన సంగతే చెబుతాడు, నేను నూటరెండోసారీ వింటాను. "ఓడలో మూడు జనరేటర్లు కలిసి ఒకే లైనుకు కరెంటిస్తాయప్పా. ఒకదాని ఇంజిను సచ్చిందనుకో. జనరేటరు ఆగదు. పక్కవాటి కరెంటు తాగి మోటారైపోతాది, సచ్చిన ఇంజిన్నే ఈడుస్తాది. రిలే ఉండాదే, అది సూసి పది సెకండ్లు ఓర్చుకుంటాది. అప్పటికీ మారలేదా, ట్రిప్పు! విడగొట్టేస్తాది."

ఒడ్డుకొచ్చాక ఆ రిలే ఉద్యోగం ఈయనే పుచ్చుకున్నాడు. భజనలో పెదాలు మాత్రమే కదిపే శ్రీనివాసులు ముందు నిలబడి పది లెక్కపెట్టి, చేతిలోని తాళాలు లాక్కున్నాడు. బీరువా మోస్తున్న నలుగురిలోంచి సొంత అల్లుణ్ణే పక్కకు నెట్టాడు.

"నేనూ పట్టుకున్నా కదా మామా!"

"నువ్వు పట్టుకోలేదు నాయనా, అదే నిన్ను పట్టుకొని ఉండాది."

మొన్న అమ్మవారి ఊరేగింపులో మాత్రం ఊరంతటికీ ఆయన మీద కోపమొచ్చింది. పల్లకి ముందు కర్ర కింద, కుడిపక్క చోటు మరమగ్గాల చిన్నబ్బది. ముప్పై ఏళ్లుగా భుజం తప్పించలేదు. ఒక్క ఏడు తప్పినా ఆ చోటు ఇంకొకరిదైపోతుందని ఆయన భయం. మలుపులో ధనశేఖరన్న పక్కకు చేరాడు.

"ఒకటి... రెండు..."

"అమ్మ ముందర వద్దబ్బా!" చిన్నబ్బ బతిమాలాడు.

"...తొమ్మిది, పది. ట్రిప్పు!" చిన్నబ్బను తప్పించి, తన భుజం దూర్చాడు.

"ఇదేం అన్యాయమప్పా!" అని జనం లేచారు. అంతలో చిన్నబ్బ కండువా జారింది. కింద కుడి భుజానికి, వెదురు బద్దలతో సహా, పుత్తూరు కట్టు! జనం వెనక్కి తగ్గారు.

"బండి మీంచి పడి పది దినాలైంది," అని గొణిగాడు చిన్నబ్బ.

"రిలే ఉండేది ఇంజిన్ని అవమానించేదానికి కాదు," పల్లకి కింద ఆయాసపడుతూ అన్నాడు ధనశేఖరన్న. "బలవంతంగా తిప్పితే అది పగిలిపోతాదని. నీ చోటు యాడికీ పోదు. పక్కనే నడువు. అడుగులో అడుగు కలిసినాకనే మళ్లీ లైనుకు కలిపేది. గుడి కాడ ఎడమ భుజం పెడుదువు, ఆ ఇంజిను బాగుండాది కదా!"

చిన్నబ్బ కళ్లు తుడుచుకుని, అడుగు కలిపాడు.

గుడి వీధికి వచ్చేసరికి అరవై ఎనిమిదేళ్ల ధనశేఖరన్న చొక్కా తడిసి ముద్దయింది. కర్రను ఆయన మోస్తున్నాడో, ఆయన్ని కర్ర మోస్తోందో తెలియడం లేదు. చిన్నబ్బ ఓరగా చూశాడు.

"ఒకటి... రెండు..."

"బిన్నా, బిరబిరా లెక్కపెట్టబ్బా!"

"పది దాకా ఓర్చుకోవాలంటివే! మూ...డు..."